నాన్న హూటర్, నా క్యూ

సైబర్ సెక్యూరిటీలో నైట్ షిఫ్టు, టైము తెల్లవారుజామున 3:12. అంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, తర్వాత అది ఒక రిపోర్టులో అచ్చయి వచ్చింది. ఒక సర్వీస్ అకౌంట్, అంటే మనుషులు కాకుండా ప్రోగ్రాములు వాడుకునే అకౌంట్, అంతకు ముందెన్నడూ గడప తొక్కని సర్వర్‌లోకి లాగిన్ అయిందని అలర్ట్. తెరిచాను. చదివాను అనలేను, కళ్లు దాని మీద పడ్డాయి, అంతే. నా డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు ఉండేది, అందులో ఆరు వాక్యాలు, టికెట్ క్లోజ్ చేసేటప్పుడు రాయాల్సిన కామెంట్లు ముందే వండి పెట్టుకున్నవి. మూడోది కాపీ కొట్టి అతికించాను: మామూలుగా జరిగేదే, ఫాల్స్ పాజిటివ్ (ఉత్తుత్తి అలర్ట్) కింద క్లోజ్ చేస్తున్నాం. 38 సెకన్లు పట్టింది. 3:30కి షిఫ్టు అయిపోతుంది, క్యూలో ఇంకా 19 ఉన్నాయి, కింద క్యాబ్ డ్రైవర్ అప్పటికే ఒకసారి ఫోన్ చేశాడు.

ఆ అలర్ట్ నిజమైనది.

నా అదృష్టం కొద్దీ లోపలికొచ్చింది దొంగలు కాదు, క్లయింటే డబ్బులిచ్చి పెట్టుకున్న రెడ్ టీమ్, అంటే పరీక్ష కోసం దొంగల్లా దాడి చేసి చూసేవాళ్లు. మూడు వారాల తర్వాత వాళ్లిచ్చిన రిపోర్టులో నా పేరు లేదు, "అలర్ట్ వచ్చింది, అనలిస్ట్ 38 సెకన్లలో క్లోజ్ చేశారు" అని మాత్రమే ఉంది. రోస్టర్ తీస్తే పేరు ఎవరికైనా దొరుకుతుంది, దొరికింది కూడా. ఒక కాల్, దాని మీద ఇంకో కాల్, ఆ తర్వాత నాలుగు వారాల కోచింగ్ ప్లాన్. ఎందుకంత తొందరపడ్డావని అడిగినవాళ్లు ఆరుగురు. ఆ రాత్రి నా క్యూలోకి మొత్తం ఎన్ని వచ్చాయని అడిగినవాళ్లు లేరు. తర్వాతి శుక్రవారం ఒత్తిడిని జయించడం ఎలా అని టీమ్ మొత్తానికీ వెబినార్ పెట్టారు, మధ్యాహ్నం రెండింటికి. మధ్యాహ్నం రెండంటే మా షిఫ్టు వాళ్లకి నడిరాత్రి. నిద్ర ఎంత ముఖ్యమో వినడానికి అలారం పెట్టుకుని మరీ లేచాం.

ఆ కంపెనీ పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం కూడా లేదు, తర్వాత మారిన చోటా మొదట్లో ఇదే పద్ధతి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మా ఫీల్డులో బర్నౌట్‌ని, అంటే పని వల్ల మనిషి పూర్తిగా అరిగిపోవడాన్ని, మనసుకు పట్టిన నీరసంలా చూసి మనసుకే మందు వేస్తున్నారు. నాకు అర్థమైనంతలో అది చాలావరకు భాగహారం లెక్క. లెక్క తెగనప్పుడు ఎంత ధ్యానం చేసినా శేషం మిగులుతూనే ఉంటుంది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, పొట్టిగా సాక్ అంటాం. (లీవు అడిగితే మేనేజర్ చెప్పే సాకు కూడా అదేనని మా సీనియర్ ఒకాయన అనేవారు.) క్లయింట్ల కంప్యూటర్లు, సర్వర్లు, ఫైర్‌వాల్స్ అన్నీ రోజంతా లాగ్స్, అంటే వాటిలో ఏం జరిగిందో రాసిన పద్దులు, పంపుతూ ఉంటాయి, వాటి మీద వందల కొద్దీ రూల్స్ రాసి ఉంటాయి, ఏ రూల్ తగిలినా అలర్ట్ పుడుతుంది, అది టికెట్ అయి ఎల్1 అనలిస్ట్ (మొదటి అంచెలో చూసే మనిషి) క్యూలో పడుతుంది. నేను ఎల్1గా చేరాను. సాయంత్రం 6:30 నుంచి 3:30 దాకా, అమెరికా పగలు. సినిమాల్లో చూపించినట్టు నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలేం ఉండవు. తెల్ల స్క్రీన్, ఎర్ర చుక్కలు, రిఫ్రెష్ బటన్.

ఇప్పుడు లెక్క. తొమ్మిది గంటలంటే 540 నిమిషాలు. భోజనం, షిఫ్టు మొదట్లో ఒక హ్యాండోవర్, చివర్లో ఇంకొకటి, మధ్యలో రెండు కాల్స్, కలిపి ఒక 90 తీసేయండి. 450. నా ఒక్కదాని క్యూలోకి షిఫ్టుకి 150 తక్కువ కాకుండా వచ్చేవి, చెడ్డ రోజున 170 దాటేవి. అంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు, టీ తాగకుండా, బాత్రూముకి పోకుండా. ఒక అలర్ట్‌ని సరిగ్గా చూడాలంటే, ఆ యూజర్ ఎవరు, ఆ మెషీన్ ఏమిటి, గత నెల్లో ఇలా జరిగిందా, పక్క లాగ్స్ ఏం చెబుతున్నాయి అని చూడాలంటే, నాకు సగటున 20 నిమిషాలు పడుతుంది. 450ని 20తో భాగిస్తే 22. మిగతా 128 చూసినట్టు నటించాలి. నా నోట్‌ప్యాడ్ ఫైలు ఆ 128 కోసం పుట్టింది. సోమరితనంతో రాసుకున్నది కాదు, బతకడానికి రాసుకున్నది, పక్క సీట్లో అబ్బాయికి అలాంటివే తొమ్మిది ఉండేవి.

దీనికి తోడు మా పనితీరుని కొలిచేది టికెట్‌ని ఎన్ని నిమిషాల్లో అందుకున్నాం, ఎన్ని గంటల్లో క్లోజ్ చేశాం అని. తప్పు చేయకుండా క్లోజ్ చేశామా అని కొలిచే గడి ఆ డాష్‌బోర్డులో లేదు. ఉంటే అది ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

మొదట అలసట వస్తుందనుకుంటారు అందరూ. నాకు మొదట వచ్చింది విసుగు కూడా కాదు, ఒక రకమైన చల్లదనం. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు నేను చేరి ఏడాదిన్నర. లోపం తీవ్రతని కొలిచే సీవీఎస్ఎస్ స్కోరు 10కి 10, జావా ఉన్న ప్రతిచోటా వెతకాలి. ఆ మొదటి వారాంతం నిజం చెప్పాలంటే పండగలా గడిచింది, ఏదో పెద్ద పనిలో మనమూ ఉన్నామన్న ఊపు, బ్రిడ్జ్ కాల్‌లో 60 మంది, అర్ధరాత్రి బిర్యానీ. 2.15 వెర్షన్ వేస్తే సరిపోతుందన్నారు. వేయించాం, ఎక్సెల్ షీట్లో "పూర్తయింది" అని పచ్చరంగు పూశాం. నాలుగు రోజులు తిరక్కుండా అది చాలదు 2.16 అన్నారు, వారం లోపే 2.17, నెలాఖరుకి 2.17.1. అదే షీట్, అవే 400 వరసలు, పచ్చ పూసిన గడులు మళ్లీ తెల్లగా చేసి మళ్లీ పచ్చ పూయడం. నాలుగోసారి పూస్తున్నప్పుడు నాలో ఎవరో స్విచ్ ఆపేసినట్టు అనిపించింది. వీళ్లని హ్యాక్ చేస్తే చేయనీ, నాకేంటి అనుకున్నాను. అనుకుని నేనే ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత ఉలిక్కిపడటం కూడా మానేశాను.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్ గురించి రాసినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అంది. మూడు గుర్తులు చెప్పింది: శక్తి ఇంకిపోవడం, పని మీద దూరం లేదా వెటకారం పెరగడం, చేసే పని చేయగలమన్న నమ్మకం తగ్గడం. పని చోట ఎన్నాళ్లగానో ఉన్న ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వస్తుందని కూడా అంది. ఎవరు సంభాళించకపోవడం వల్ల అన్నది మాత్రం ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకుంటున్నారు. హెచ్ఆర్ వాళ్లు ఉద్యోగి అని చదువుకున్నారు.

శరీరం సంగతి వేరే కథ. హాస్టల్ గదిలో కిటికీ అద్దాలకి ఈనాడు ఆదివారం సప్లిమెంట్లు అతికించి పగలు పడుకునేదాన్ని. మా అమ్మ ఫోన్ ఉదయం 7కి, "లేచావా" అని. పడుకుని అప్పటికి గంటన్నర అయ్యుండేది. మూడేళ్లయినా ఆమెకి ఆ టైము ఎక్కలేదు, నేనూ కోప్పడలేదు, లేచాననే చెప్పేదాన్ని. ఫోన్ మోగకుండానే మోగినట్టు అనిపించేది. సంక్రాంతికి ఊళ్లో భోగిమంట దగ్గర నిలబడి, ఈ పాటికి హ్యాండోవర్ అవుతూ ఉంటుంది అని లెక్క పెట్టుకున్నాను. అమెరికా వాళ్ల పండగలకి మాకు డబుల్ డ్యూటీ (2021లో కసేయా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద దాడి సరిగ్గా జులై 4 సెలవుల ముందు శుక్రవారం జరిగింది, దొంగలకి క్యాలెండర్ బాగా తెలుసు), మన పండగలకి మామూలు డ్యూటీ. కంపాఫ్‌లు పోగుపడి మార్చిలో మురిగిపోయేవి.

రెడ్ టీమ్ గొడవ తర్వాత వారం లీవు పెట్టి ఒంగోలు దగ్గర మా ఊరెళ్లాను. నాన్న కరెంటోళ్లలో రిటైరయ్యారు, 132 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్. ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసిన మనిషి, కాబట్టి నేను ఎక్కువ చెప్పకుండానే సగం అర్థమైంది. అరుగు మీద కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఎన్ని మోగుతాయమ్మా మీకు?"

"150, 160 నాన్నా."

ఆయన నెలకనుకున్నారు. షిఫ్టుకి అని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల కంట్రోల్ రూమ్ గురించి చెప్పుకొచ్చారు. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి చూసిన గదే, కానీ ఇప్పుడు వింటుంటే వేరేగా వినిపించింది. గోడ పొడుగునా ప్యానెళ్లు, పైన గళ్లుగళ్లుగా చిన్న కిటికీలు, ఒక్కో కిటికీ మీద ఒక్కో పేరు: ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెంపరేచర్, బుకోల్జ్ అలారం (ట్రాన్స్‌ఫార్మర్ లోపల గ్యాస్ పుడితే మోగేది), బుకోల్జ్ ట్రిప్, బ్యాటరీ వోల్టేజి. ఏదైనా తేడా వస్తే ఆ కిటికీ వెలిగి ఆరుతూ ఉంటుంది, హూటర్ మోగుతుంది. యాక్సెప్ట్ నొక్కితే హూటర్ ఆగుతుంది గానీ దీపం ఆగదు. లేచి వెళ్లి రిలే మీద ఏ ఫ్లాగ్ పడిందో చూడాలి, లాగ్ షీట్లో రాయాలి, ఎల్‌డీకి (లోడ్ డిస్పాచ్ వాళ్లకి) ఫోన్ చేయాలి, అవసరమైతే ఏఈ గారిని, అంటే అసిస్టెంట్ ఇంజినీర్‌ని, లేపాలి. అప్పుడు రీసెట్.

"నెలకి నాలుగు మోగితే ఎక్కువ. గాలివాన రోజులు వేరనుకో."

"తప్పుడు అలారాలు రావా నాన్నా?"

"ఎందుకు రావు. ఒక వానాకాలం జంక్షన్ బాక్సులోకి నీళ్లు దిగి బుకోల్జ్ ఊరికే మోగేది. మూడోసారి మోగగానే మీటర్లు, రిలేలు పరీక్షించే ఎంఆర్‌టీ వాళ్లని పిలిపించాం. వాళ్లొచ్చి కేబుల్ మార్చిందాకా ఏఈ గారు వదల్లేదు. తప్పుడు అలారం మోగుతుంటే ఊరుకోకూడదమ్మా, నిజమైంది మోగినప్పుడు మనం లేవం."

ఆయనకి ఇది పెద్ద విషయంగా తోచలేదు, చుట్ట ఆర్పి లోపలికి వెళ్లిపోయారు. నేనక్కడే కూర్చున్నాను. ఆ వాన నీళ్ల బుకోల్జ్ లాంటివి నా క్యూలో రోజుకి వంద వస్తాయి, మా దగ్గర ఎంఆర్‌టీ లేదు. ఏఈ గారు కూడా లేరు.

తర్వాత వెతికితే తెలిసింది, ఈ సంగతి మిగతా ప్రపంచం ఎప్పుడో నేర్చుకుంది. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సాకో రిఫైనరీలో పేలుడు జరిగి 26 మంది గాయపడ్డారు. ఉదయం పిడుగుల వానతో మొదలైన గొడవ. ఒక వాల్వ్ తెరుచుకుని ఉందని కంట్రోల్ రూమ్ చూపిస్తోంది, నిజానికి అది మూసుకుపోయి ఉంది. పేలడానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. విచారణ చేసినవాళ్లు ఆపరేటర్లకి కోచింగ్ ప్లాన్ రాసి చేతులు దులుపుకోలేదు, అన్ని అలారాలు ఎందుకు పెట్టారు, వాటిలో ఏది ముఖ్యమో మనిషికి ఎలా తెలుస్తుంది అని అడిగారు. 1999లో ఈఈఎంయూఏ 191 అనే మార్గదర్శకం వచ్చింది. దాని ప్రకారం మామూలు పరిస్థితుల్లో ఒక ఆపరేటర్‌కి పది నిమిషాలకి ఒక అలారం మించకూడదు. తర్వాత వచ్చిన అమెరికా ప్రమాణం ఐఎస్ఏ 18.2 ఇంకో మాట చేర్చింది: ఆపరేటర్ ఏదో ఒక పని చేయాల్సిన అవసరం ఉంటేనే దాన్ని అలారం అనాలి. చేసేదేం లేనప్పుడు అది అలారం కాదు.

పది నిమిషాలకి ఒకటి లెక్కన తొమ్మిది గంటలకి 54. నాది 150. పైగా రిఫైనరీలో అలారం అంటే చాలాసార్లు ఒక నాబ్ తిప్పడం, నాకు ఒక్కో అలర్ట్ 20 నిమిషాల పరిశోధన.

గూగుల్‌లో సిస్టమ్స్ నడిపే ఎస్ఆర్ఈ టీములు కూడా ఇలాంటి గీతే గీసుకున్నాయి, 12 గంటల ఆన్‌కాల్‌కి రెండు ఇన్సిడెంట్లకి మించితే మనిషిని కాకుండా సిస్టమ్‌ని సరిచేయాలని. రెండు! మా వాళ్లకి చెబితే నవ్వారు. పైలట్లకి వారానికి వరసగా 48 గంటలు విశ్రాంతి ఇవ్వాలని డీజీసీఏ రూలు పెట్టింది, దాని మీద విమానయాన సంస్థలు ఎంత గింజుకున్నాయో 2025 డిసెంబర్‌లో ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు పడ్డవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గింజుకున్నా సరే, గింజుకోవడానికి అక్కడ ఒక రూలు ఉంది. సెక్యూరిటీలో మాకు ఉన్న రూలు కేంద్ర ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చింది: ఇన్సిడెంట్ తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి. మంచి రూలే, నేను తప్పు పట్టను. కానీ ఆ 6 గంటలు ఎవరి నిద్రలోంచి వస్తాయో దాంట్లో లేదు.

అలర్టులు తగ్గిస్తే నిజమైనది తప్పిపోదా అని మా మేనేజర్ అడిగేవారు, ఇప్పుడు నన్ను జూనియర్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా లెక్కలోనే ఉంది. రోజుకి 10 లక్షల ఈవెంట్లు వస్తున్నాయనుకోండి, అందులో నిజమైన దాడివి 10. మీ టూల్ 99 శాతం సరిగ్గా చెబుతుంది, అమ్మేవాడు అంతకన్నా ఎక్కువే చెబుతాడు గానీ 99 అనుకుందాం. మిగతా ఒక శాతం తప్పు వల్ల పుట్టే ఉత్తుత్తి అలర్టులు 10,000. నిజమైనవి 10. అంటే వెయ్యికి ఒకటి. 999 సార్లు "ఏం లేదు" అని చూసిన కన్ను వెయ్యోసారి కూడా "ఏం లేదు" అనే చూస్తుంది. అది నిర్లక్ష్యం అంటారు, నేను అలవాటు అంటాను. 2013లో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల కంపెనీ మీద దాడి జరిగినప్పుడు అలర్ట్ రాకపోలేదు. బెంగళూరులో కూర్చున్న మానిటరింగ్ టీమ్ చూసింది, మినియాపొలిస్‌లోని హెడ్డాఫీసుకి పంపింది కూడా, అక్కడ కదలిక లేదు. 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు బెంగళూరు సీట్లో కూర్చున్నవాళ్లే గుర్తొస్తారు. పంపించాక వాళ్లు ఇంకో టికెట్ తెరిచి ఉంటారు.

అసలు అలసట మీదే దాడి చేసేవాళ్లు ఉన్నారు. 2022 సెప్టెంబర్‌లో ఉబర్‌లోకి దూరినవాడు పాస్‌వర్డ్ సంపాదించాక, ఒక కాంట్రాక్టర్ ఫోన్‌కి లాగిన్ ఆమోదించమని నోటిఫికేషన్ల మీద నోటిఫికేషన్లు పంపాడు, చివరికి అతను సరే అన్నాడు. దీనికి మా వాళ్లు పెట్టిన పేరే ఎంఎఫ్ఏ ఫెటీగ్ (ఎంఎఫ్ఏ అంటే పాస్‌వర్డ్ తర్వాత చేసే రెండో తనిఖీ, ఫెటీగ్ అంటే అలసట). ఇంతకన్నా నన్ను కుదిపింది ఎక్స్‌జెడ్ యుటిల్స్. లైనక్స్‌లో దాదాపు అంతటా ఉండే చిన్న కంప్రెషన్ లైబ్రరీ, జీతం లేకుండా ఏళ్ల తరబడి ఒక్క మనిషి చూసుకుంటున్నది. 2022లో ఆయన తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది డబ్బులొచ్చే పని కాదని మెయిలింగ్ లిస్టులోనే రాశాడు. అదే సమయంలో ఎవరో ఇద్దరు ముగ్గురు, అందులో ఒకరు జిగర్ కుమార్ అని మన దేశపు పేరు కూడా పెట్టుకుని, ఇంత నెమ్మదైతే ఎలా, ఇంకొకరికి అప్పగించు అని పోరు పెట్టారు. సాయం చేస్తానని మంచిగా దగ్గరైన జియా టాన్ అనే అకౌంట్‌కి తాళాలు అందాయి, ఆ అకౌంట్ లైబ్రరీలో ఒక దొంగదారి పెట్టింది. 2024 మార్చిలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వకపోతే ఆ దొంగదారి ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరి ఉండేది. అంత ఓపిగ్గా దాడి చేసినవాళ్లు వెతుక్కున్నది కోడ్‌లో బొక్క కాదు, అలిసిపోయిన మనిషి.

అందుకే వారానికి 70 గంటలు పని చేయాలని పెద్దవాళ్లు సలహా ఇచ్చినప్పుడల్లా మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఆ 70లో ఎన్నో గంటలో ఉన్న మనిషి చేతికి మీ బ్యాంకు ఫైర్‌వాల్ ఇస్తారు సార్ అని పెడతారు. జోకు కింద పోతుంది గానీ అది సరైన ప్రశ్న.

సరే, నేనేం చేశాను? ఉద్యోగం మానేయలేదు. మానేయ్ అని చెప్పడం తేలిక. డాలస్‌లో మా పిన్ని కొడుకు ఇదే ఫీల్డు, ఆన్‌కాల్‌లో నెలకి పది రాత్రులు, మానేస్తే హెచ్1బీ మీద 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. నాకు నాన్న మోకాలి ఆపరేషన్ అప్పు ఉంది. ఎవరి సంకెళ్లు వాళ్లవి.

ఊరి నుంచి వచ్చాక మొదట ఒక నెల క్యూలో ఏ రూల్ నుంచి ఎన్ని వచ్చాయి, అందులో ఎన్ని నిజం అని ఎక్సెల్‌లో రాశాను, నా సొంత టైములో, అది కూడా తప్పేనని ఇప్పుడనిపిస్తుంది. రెండు వందల పైచిలుకు రూల్స్‌లో పదకొండు నుంచే మూడొంతుల్లో రెండొంతుల అలర్టులు. వాటిలో ఒకటి చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వాళ్లే వారం వారం నడిపే వల్నరబిలిటీ స్కానర్ (సిస్టమ్స్‌లో లోపాలు వెతికే ప్రోగ్రాము) ఉంటుంది, అది స్కాన్ చేసినప్పుడల్లా "ఎవరో పోర్టులు స్కాన్ చేస్తున్నారు" అని అలర్ట్. మన కుక్క మొరిగితే దొంగొచ్చాడని మనమే లేవడం. రెండేళ్లుగా. ఇంకోటి రాత్రి ఒంటిగంట బ్యాకప్, ఎక్కువ డేటా బయటికి పోతోందని.

తీసేయడానికి ఎంత పట్టిందో చెబితే నమ్మరు, స్కానర్ ఒక్కదానికి ఏడు వారాలు. ఇక్కడే నాకు అసలు సంగతి బోధపడింది. కొత్త రూల్ కలపడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, కలిపినవాడికి శభాష్. తీయాలంటే కింద పేరు రాసి సంతకం పెట్టాలి, రేపేదైనా జరిగితే ఆ పేరే బయటికొస్తుంది. కాబట్టి అందరూ కలుపుతారు, ఎవరూ తీయరు, మొత్తం వెళ్లి ఎల్1 నెత్తిన పడుతుంది. దానికితోడు కొన్ని కాంట్రాక్టుల్లో టికెట్ల సంఖ్యని బట్టే బిల్లు వేస్తారు, క్యూ తగ్గితే మనుషుల్ని తగ్గిస్తారేమోనన్న భయం మా మేనేజర్‌ది. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయనకీ బీపీ మాత్రలున్నాయి.

నేనెళ్లి "అలిసిపోయాం" అని చెప్పి ఉంటే ఇంకో వెబినార్ వచ్చేది. నేను 22, 150 అని రెండు అంకెలు రాసి, ఒక్కో షిఫ్టుకి 128 అలర్టులు ఎవరూ నిజంగా చూడటం లేదు, ఇది క్లయింటుకి తెలియజేయాలా వద్దా అని మెయిల్‌లో అడిగాను. మెయిల్‌లో అడగడం ముఖ్యం, మాటల్లో అడిగితే గాల్లో కలుస్తుంది. రెండు రోజులు నిశ్శబ్దం. తర్వాత బుధవారాలు రెండు గంటలు క్యూ చూడకుండా రూల్స్ సరిచేయడానికి ఇద్దరికి పర్మిషన్ వచ్చింది. దానికి మేం పెట్టుకున్న పేరు ఎంఆర్‌టీ. టీమ్‌లో ఎవరికీ ఆ పేరెందుకో తెలియదు, ఏదో ఫ్రేమ్‌వర్క్ అనుకుంటున్నారు.

ఆరు నెలలకి నా క్యూ 60కి దిగింది. ఇంకా ఎక్కువే. కానీ నోట్‌ప్యాడ్ ఫైలు తెరవడం తగ్గింది, ఒక అలర్ట్ మీద 40 నిమిషాలు కూర్చుని చివరిదాకా తవ్విన రోజున క్యాబ్‌లో నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఆ ఫీలింగ్ మర్చిపోయి రెండేళ్లయింది.

మనసుకి మందు అక్కర్లేదని నేననడం లేదు. నాకు అప్పటికే దెబ్బ తగిలిపోయి ఉంది, క్యూ తగ్గినంత మాత్రాన అది మానలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాను, కొన్నాళ్లు మందులు వాడాను, మా అమ్మకి ఈ మధ్యే చెప్పాను. వెళ్లే ధైర్యం చాలనప్పుడు 14416కి, ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్‌కి, ఒక రాత్రి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేం అడగరు. రాత్రి షిఫ్టు మానాను, జీతంలో అలవెన్స్ పోయింది. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ 2007లోనే బహుశా క్యాన్సర్ కారకం అనే 2ఏ జాబితాలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. ఆ అలవెన్స్ నెలకి ఎంతో చెబితే సిగ్గుపడతారు. ఆ ఏడాది కొత్త సర్టిఫికేషన్ జోలికి పోలేదు, ఎక్స్ యాప్ తీసేశాను, ప్రపంచంలో ఎక్కడ ఏ సర్వర్ పగిలినా మొదటి గంటలో నాకు తెలియాల్సిన పనిలేదు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ వికటించి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషీన్లు నీలిరంగుకి తిరిగినప్పుడు, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు, ఆ రోజు నేను వారాంతం లీవులో ఉన్నాను. ఒక్కో మెషీన్‌ని సేఫ్ మోడ్‌లో లేపి, డిస్క్ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ కీ ఫోన్లో చదివి వినిపించి, ఒక ఫైలు డిలీట్ చేయించాలి, వేల మెషీన్లకి. వెళ్లాను. శనివారం రాత్రి పదింటికి నా 12 గంటలు అయ్యాయి, తర్వాతి మనిషికి షీట్ అప్పగించి లేచాను. ఇంకా 900 మిగిలి ఉన్నాయి. బ్రిడ్జ్ కాల్‌లో ఎవరో "అప్పుడేనా" అన్నారు. అవునన్నాను. ఇంటికొచ్చి పప్పు వేడి చేసుకుని తిన్నాను. మిగతావి ఆదివారం మధ్యాహ్నానికి వాళ్లు పూర్తి చేశారు, వాళ్లు పడుకుని లేచినవాళ్లు కాబట్టి.

ఇప్పుడు నేను ఎల్2, ఏడుగురు జూనియర్లున్నారు. వాళ్ల ఫైళ్లలో ఎన్ని వాక్యాలున్నాయో అప్పుడప్పుడు అడుగుతాను, మొదట భయపడ్డారు, ఇప్పుడు చూపిస్తారు. ఏ వాక్యం ఎక్కువ వాడుతున్నారో చూస్తే ఏ రూల్ పాడైందో తెలిసిపోతుంది.

నాన్న ఇప్పుడు ఉదయం 7కి అమ్మ ఫోన్ లాక్కుని ఆయనే చేస్తున్నారు. రిటైరయ్యాక లాగ్ షీట్ రాయడానికి ఏం లేక విసుగు.

"నిన్న ఎన్నమ్మా?"

"57."

"నిజమైనవి?"

"రెండు."

"మరి తక్కిన 55కి ఎంఆర్‌టీ వాళ్లని పిలిచావా?"

"బుధవారం నాన్నా."